16 జీబీ పెన్‌డ్రైవ్ 29.8 చూపిస్తోందా? ఇంకేమీ కాపీ చేయకండి

మీరు రాసినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే సంగతి ఇది. ఇంట్లో విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్. హార్డ్ డిస్క్ టక్కు టక్కుమంటోంది. అందులోని ఫొటోలన్నీ ఒక 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి తీద్దామనుకుంటే చోటు చాలలేదు. ఏదో వీడియో చూసి, పెన్‌డ్రైవ్ సైజు పెంచుతానని చెప్పే "ఎక్స్‌పాండర్" అనే చిన్న సాఫ్ట్‌వేర్ నడిపారు. అంతకుముందు 14.9 చూపించిన డ్రైవ్ ఇప్పుడు 29.8 చూపిస్తోంది. 11 జీబీ కాపీ చేశారు, అన్నీ తెరుచుకుంటున్నాయి. అక్క పెళ్లి వీడియోలు ఇంకో 9 జీబీ మిగిలాయి. అవి కూడా వేసేసి హార్డ్ డిస్క్ తీసేయొచ్చా, పాత సిస్టమ్‌లకి ఇంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ ఉందా అని అడిగారు.

వేయకండి. ఒక్క ఫైలు కూడా వేయకండి. హార్డ్ డిస్క్‌లో ఉన్నవాటిని డిలీట్ చేయకండి. ఇప్పటిదాకా అన్నీ తెరుచుకుంటున్నాయంటే కారణం ఆ సాఫ్ట్‌వేర్ పనిచేయడం కాదు. మీరు వేసిన 11 జీబీ అసలున్న 14.9 లోపే ఉంది, అంతే. అసలు పరీక్ష ఇంకా మొదలే కాలేదు.

నేను ఇరవై రెండేళ్లుగా ఖమ్మంలో కంప్యూటర్ సర్వీసింగ్ చేస్తున్నాను. ఈ రకం పెన్‌డ్రైవ్‌లు పట్టుకొని వచ్చినవాళ్లందరూ ఒకే మాట అంటారు: "మొన్నటిదాకా బాగానే ఉందండీ." అబద్ధం కాదు. మొన్నటిదాకా బాగానే ఉంటుంది. అసలు చోటు నిండేదాకా ఎలాంటి తేడా కనపడదు కాబట్టే ఆ వీడియోల కింద "థాంక్స్ బ్రో, వర్క్ అయింది" అని అన్ని కామెంట్లు ఉంటాయి. ఆ కామెంట్ పెట్టినవాళ్లు సైజు చూసి సంతోషించారే కానీ, చివరిదాకా నింపి, నింపినదాన్ని మళ్లీ చదివి చూడలేదు.

ఇంతకీ ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేసిందో చెబుతాను. పెన్‌డ్రైవ్‌లో చోటు 512 బైట్ల గళ్లుగా ఉంటుంది, ఒక్కో గడిని సెక్టార్ అంటాం. 16 జీబీ అంటే ఇంచుమించు 3 కోట్ల 12 లక్షల సెక్టార్లు. ఆ గళ్లలో ఫైళ్లను అమర్చే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటాం, ఫ్యాట్32 అందులో ఒకటి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసినప్పుడు ఆ పార్టిషన్ (డ్రైవ్‌లో ఫైళ్లకు కేటాయించిన భాగం) మొదటి సెక్టార్‌లో, అంటే బూట్ సెక్టార్‌లో, కొన్ని వివరాలు రాసిపెడతారు. మొత్తం సెక్టార్లెన్ని అన్నది అందులో ఒకటి. అది నాలుగు బైట్ల అంకె. మీరు మై కంప్యూటర్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే, అక్కడ కనిపించే గుండ్రటి బొమ్మ ఫైల్ సిస్టమ్ చెప్పిన లెక్కనే నమ్ముతుంది. ఈ "ఎక్స్‌పాండర్" చేసేది ఆ లెక్కను దిద్దడమే. 3 కోట్ల 12 లక్షలు ఉన్నచోట 6 కోట్ల 25 లక్షలు అని రాస్తుంది. విండోస్ 29.8 అని చూపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లోని చిప్‌లో ఒక్క గడి కూడా పెరగలేదు.

మా నాన్నకి ఇది ఇలా చెప్పాను. పాస్‌బుక్కులో అరెకరం బదులు ఎకరం అని పడిందనుకోండి. కాగితం మీద ఎకరం ఆసామివే. నాగలి కట్టి దున్నుకుంటూ పోతే మాత్రం పాత గట్టు దగ్గరే ఆగాలి.

గట్టు దాటితే ఏమవుతుందో కూడా తెలిస్తే మీకు జాగ్రత్త వస్తుంది. ఫ్యాట్32లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక డ్రైవ్ మొదట్లో ఉంటుంది. మీ అక్క పెళ్లి వీడియో 15వ జీబీ దాటిన చోట పడాల్సి వచ్చిందనుకోండి. దాని పేరు, సైజు, తేదీ అసలు ఉన్న చోటులోనే పడతాయి, కాబట్టి అవి చక్కగా రాసుకుంటాయి. వీడియోలోని బొమ్మ, శబ్దం మాత్రం లేని గళ్లలోకి వెళ్లాలి. ఆ రాత విఫలమవుతుంది. ఒక్కోసారి విండోస్ కింద మూలన ఎర్రర్ చూపిస్తుంది, మనం గబగబా క్లోజ్ కొట్టేస్తాం. చివరికి ఫోల్డర్ తెరిస్తే పేర్లన్నీ ఉంటాయి, సైజులన్నీ ఉంటాయి. డబుల్ క్లిక్ చేస్తే ఏదీ తెరుచుకోదు. ఖాళీ పెన్‌డ్రైవ్ కంటే ఇది పెద్ద ప్రమాదం. ఖాళీది చూస్తే ఖాళీ అని తెలుస్తుంది, ఇది నిండుగా కనిపిస్తుంది కాబట్టి నమ్మి అసలుని చెరిపేస్తాం.

14.9 దాకా నింపి ఆపేస్తాను, అప్పుడు ఫర్వాలేదు కదా అని కొందరు తెలివిగా అడుగుతారు. కొంతవరకు నిజమే. కానీ విండోస్ మొదటి గడి నుంచి వరసగా నింపుతుందన్న గ్యారంటీ లేదు. మధ్యలో కొన్ని ఫైళ్లు చెరిపి, కొన్ని కొత్తవి వేసి ఉంటే, కొత్తవి ముందుకు పోయి పడొచ్చు. పైగా ఆ డ్రైవ్ ఇంకెవరి చేతికైనా వెళితే, వాళ్లకు ఈ లెక్క తెలియదు.

ఇక్కడ ఇంకో రకం మోసాన్ని కూడా విడదీసి చెప్పాలి, ఎందుకంటే రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. మీది ఇంట్లో సాఫ్ట్‌వేర్‌తో మార్చింది. ఇంకొకటి ఫ్యాక్టరీలోనే లేదా సరుకు అమ్మేవాళ్ల దగ్గరే మార్చి అమ్మేది. పెన్‌డ్రైవ్‌లో మెమరీ చిప్ పక్కన కంట్రోలర్ అని ఇంకో చిన్న చిప్ ఉంటుంది. కంప్యూటర్ "నీ సైజెంత?" అని అడిగితే జవాబు చెప్పేది అదే. కంట్రోలర్లు తయారు చేసే కంపెనీలు తమ కస్టమర్ ఫ్యాక్టరీల కోసం ఇచ్చే ప్రొడక్షన్ టూల్స్ బయటికి వచ్చేశాయి. వాటితో 8 జీబీ చిప్ ఉన్న కంట్రోలర్ చేత 512 జీబీ అనో, 2 టీబీ అనో చెప్పించవచ్చు. ఫుట్‌పాత్ మీద, ఎగ్జిబిషన్ స్టాళ్లలో, ఆన్‌లైన్‌లో ఊరూపేరూ లేని బ్రాండ్‌తో రెండు టీబీ పెన్‌డ్రైవ్ చవగ్గా దొరికిందంటే అది ఈ జాతిదే.

ఈ రెండో రకం ఇంకా దుర్మార్గం. మొదటి రకంలో కనీసం రాత విఫలమైందని సిస్టమ్‌కి తెలుస్తుంది. ఇక్కడ కంట్రోలర్ "రాసేశాను" అని అబద్ధం చెబుతుంది. కొన్ని డ్రైవ్‌లు వచ్చిన డేటాని గాలికి వదిలేస్తాయి. కొన్ని మళ్లీ మొదటి గడికి తిరిగొచ్చి, ముందు రాసినదాని మీదే రాస్తాయి. అలా మొదట్లో ఉన్న ఫైళ్ల పట్టిక కూడా చెరిగిపోతే, మర్నాడు పెట్టగానే "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతుంది. మా దగ్గరకు ఒక ఫొటో స్టూడియో కుర్రాడు ఇలాంటిదే తెచ్చాడు. రెండు పెళ్లిళ్లు, ఒక ఓణీల ఫంక్షన్ అందులో ఉన్నాయి. మూడు రోజులు కూర్చుంటే చివరగా వేసిన ఫంక్షన్ ఫొటోలు కొన్ని దొరికాయి. మొదటి పెళ్లి మీద తర్వాతవి రాసేసుకున్నాయి కాబట్టి, ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ వల్లా కాదు. ఆ పెళ్లివాళ్లకు ఏం చెప్పాడో నేను అడగలేదు.

మీది ఏ రకమో తెలుసుకోవడం తేలిక. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, మేనేజ్, అందులో డిస్క్ మేనేజ్‌మెంట్. కింది భాగంలో ఎడమ పక్కన "డిస్క్ 1, రిమూవబుల్" అని ఉండి దాని కింద ఒక సైజు ఉంటుంది. అది ఫైల్ సిస్టమ్ చెప్పేది కాదు, కంట్రోలర్ చెప్పేది. అక్కడ 14.9 లేదా దానికి దగ్గరగా ఉండి, ప్రాపర్టీస్‌లో 29.8 ఉంటే మీ సాఫ్ట్‌వేర్ చేసింది లెక్క దిద్దడమే. మామూలు ఫార్మాట్‌తో పోతుంది. రెండు చోట్లా ఒకే పెద్ద సైజు ఉంటే, అప్పుడు కంట్రోలరే అబద్ధమాడుతోందేమో పరీక్షించాలి. ఆ పరీక్ష సంగతి కింద చెబుతాను.

14.9 అంటే గుర్తొచ్చింది. ప్యాకెట్ మీద 16 అని ఉండి 14.9 కనిపిస్తే మిగతా 1.1 జీబీ ఎవరో దాచారని, దాన్ని "అన్‌లాక్" చేయాలని చెప్పే వీడియోలు కూడా ఉన్నాయి. ఎవరూ దాచలేదు. తయారీదారు 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లు అంటాడు. విండోస్ 1024ని మూడుసార్లు గుణించి, 107 కోట్ల పైచిలుకు బైట్లను 1 జీబీ అంటుంది. అందుకే 8 జీబీ 7.45గా, 32 జీబీ 29.8గా, 64 జీబీ 59.6గా కనిపిస్తాయి. చిప్‌లో కొన్ని అదనపు గళ్లు ఉండే మాట నిజమే, కానీ అవి పాడైన గళ్ల స్థానంలో వాడుకోవడానికి కంట్రోలర్ ఉంచుకున్నవి. ప్రొడక్షన్ టూల్స్‌తో వాటిని కూడా లాగేద్దామని చూసినవాళ్లు డ్రైవ్‌నే పోగొట్టుకుంటారు.

సరే, సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ రెట్టింపు అవుతుందన్న నమ్మకం ఎక్కడినుంచి వచ్చింది? ఊరికే పుట్టలేదు. నేను కంప్యూటర్ నేర్చుకున్న రోజుల్లో, మా ఇన్‌స్టిట్యూట్‌లో 486 మెషీన్లకి చిన్న హార్డ్ డిస్క్‌లు ఉండేవి. వాటిలో, విండోస్‌కి ముందటి ఎంఎస్ డాస్ 6.22తో వచ్చిన డ్రైవ్‌స్పేస్ నడిపితే చోటు దాదాపు రెట్టింపు చూపించేది, అది నిజంగానే పనిచేసేది. దానికి ముందు 1990లో స్టాక్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ స్టాకర్ అని ఒకటి తెచ్చింది. మైక్రోసాఫ్ట్ 1993లో డాస్ 6.0తో డబుల్‌స్పేస్ ఇచ్చింది. స్టాక్ వాళ్లు పేటెంట్ దావా వేస్తే 1994లో జ్యూరీ వాళ్లకు 12 కోట్ల డాలర్లు ఇప్పించింది. ఎదురు దావాలో మైక్రోసాఫ్ట్‌కి కూడా కోటీ 36 లక్షల డాలర్లు వచ్చాయి. డబుల్‌స్పేస్‌ను 6.21లో తీసేసి, వేరే పద్ధతిలో రాసిన డ్రైవ్‌స్పేస్‌ను 6.22లో పెట్టారు.

అది మాయ కాదు, కంప్రెషన్. రాసే ప్రతి ఫైలునీ కుదించి రాసి, చదివేటప్పుడు విప్పి ఇచ్చేది. రామకోటి పుస్తకం ఉందనుకోండి. పుటల నిండా ఒకే నామం. "ఈ నామం ఇన్నిసార్లు" అని ఒక్క వరసలో రాసుకుంటే మొత్తం పుస్తకం మళ్లీ రాయొచ్చు. అప్పట్లో మన డిస్క్‌లలో ఉండేవి టెక్స్ట్, డీబేస్ ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు. వాటిలో ఇలా తిరిగి తిరిగి వచ్చేవి చాలా ఉంటాయి కాబట్టి బాగా కుదిరేవి. అయినా డ్రైవ్‌స్పేస్ చూపించే ఖాళీ చోటు ఒక అంచనా మాత్రమే, రెండుకు ఒకటి చొప్పున కుదురుతుందనుకొని వేసిన లెక్క. కుదరని ఫైళ్లు వేస్తే ఆ ఖాళీ ఊహించినదానికంటే తొందరగా అయిపోయేది.

ఇప్పుడు మీ దగ్గరున్నవి జేపీఈజీ ఫొటోలు, ఎంపీ4 వీడియోలు, ఎంపీ3 పాటలు. కెమెరాలోనే, ఫోన్‌లోనే ఇవి కుదించి వచ్చాయి. గానుగలోంచి వచ్చిన చెరకు పిప్పిని మళ్లీ గానుగలో పెడితే రసం వస్తుందా? వాటిని జిప్ చేసి చూడండి, నూటికి ఒకటి రెండు తగ్గితే గొప్ప. కాబట్టి మీ పెళ్లి వీడియోలని సగానికి కుదించి, నాణ్యత ఏమాత్రం తగ్గకుండా దాస్తానని ఏ సాఫ్ట్‌వేర్ చెప్పినా, పాత కంప్యూటర్‌కైనా కొత్త కంప్యూటర్‌కైనా, అది అబద్ధమే.

ఇలాంటి అబద్ధం అమ్మడం కూడా కొత్త కాదు. 1995లో అమెరికాలో సిన్‌క్రోనిస్ అనే కంపెనీ సాఫ్ట్‌ర్యామ్ 95 అని అమ్మింది. 4 ఎంబీ ర్యామ్‌ని 8 చేస్తానంది. లక్షల కాపీలు పోయాయి. జర్మనీలో సీటీ అనే కంప్యూటర్ పత్రిక దాన్ని విప్పి చూస్తే అది ర్యామ్‌ని కుదించే పనే చేయడం లేదని తేలింది. తెర మీద అంకె మాత్రం పెరిగేది. 1996లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. మీ ఎక్స్‌పాండర్ ఆ వంశంలోదే. తమాషా ఏమిటంటే, ఇలాంటి పెన్‌డ్రైవ్‌లని పట్టుకోవడానికి అందరూ వాడే ఉచిత పరీక్ష ప్రోగ్రామ్ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ కూడా అదే పత్రికవాళ్లది.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందు ఆ 11 జీబీ సంగతి చూడండి. పెన్‌డ్రైవ్‌ని సేఫ్లీ రిమూవ్ చేసి తీసి, మళ్లీ పెట్టి, అప్పుడు ఫైళ్లు తెరిచి చూడండి. తీయకుండా చూస్తే విండోస్ ర్యామ్‌లో మిగిలిన కాపీనే చూపించే అవకాశం ఉంది. చిన్న బొమ్మలు కనిపించాయని సరిపెట్టుకోకండి, అవి కూడా కొన్నిసార్లు కంప్యూటర్ తన దగ్గర దాచుకున్నవే. వీలైతే వేరే కంప్యూటర్‌లో పెట్టి, ఆ ఫైళ్లన్నిటినీ దాంట్లోకి కాపీ చేయండి. ఎర్రర్ లేకుండా కాపీ అయి, అక్కడ తెరుచుకుంటే అవి క్షేమం. ఇంకో కాపీ కావాలంటే గూగుల్ ఖాతాకి ఉచితంగా వచ్చే 15 జీబీ ఉంది, కానీ మీ మెయిళ్లూ ఫోన్ బ్యాకప్ కూడా అందులోనే లెక్క. పాత కంప్యూటర్‌లో డీవీడీ రైటర్ ఉంటే దాన్నీ తక్కువ చేయకండి. ఒక డీవీడీలో 4.37 జీబీ పడుతుంది, మీ పెళ్లి వీడియోలు మూడు డిస్క్‌లలో సరిపోతాయి.

టక్కుమంటున్న హార్డ్ డిస్క్ మీద డీఫ్రాగ్, చెక్‌డిస్క్ లాంటి డిస్క్‌ని సర్దే, సరిచేసే ప్రోగ్రామ్‌లు నడపకండి. దానికి మిగిలిన ఆయుష్షు కాపీకే ఖర్చు పెట్టండి. పెళ్లి వీడియోలు ముందు, పాటలు చివర. పాటలు మళ్లీ దొరుకుతాయి.

ఆ 11 జీబీ భద్రమయ్యాక పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేయండి. మామూలు ఫార్మాట్‌తోనే 14.9కి వచ్చేస్తుంది. రాకపోతే విండోస్ 7లో డిస్క్‌పార్ట్ (కమాండ్లు టైప్ చేసి డిస్క్‌లని సర్దే ప్రోగ్రామ్) తెరిచి, లిస్ట్ డిస్క్ కొట్టి, సైజు చూసి మీ పెన్‌డ్రైవ్ నంబరే సెలెక్ట్ చేసి, క్లీన్ కొట్టాలి. ఇక్కడ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తప్పు నంబరు మీద క్లీన్ కొట్టి హార్డ్ డిస్క్ తుడిచేసుకున్నవాళ్లు నాకు తెలుసు. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త పార్టిషన్ చేసుకోవచ్చు. విండోస్ ఎక్స్‌పీ ఉన్న సిస్టమ్‌లో డిస్క్‌పార్ట్‌కి పెన్‌డ్రైవ్ కనపడదు, ఆ పని వేరే కంప్యూటర్‌లో చేయండి.

అన్నట్టు, నిజంగా పెన్‌డ్రైవ్ "పెరిగే" సందర్భం ఒకటుంది. లైనక్స్ వేయడానికో విండోస్ ఇన్‌స్టాల్ చేయడానికో బూటబుల్‌గా మార్చిన డ్రైవ్‌లో చిన్న పార్టిషన్ ఒకటే మిగిలి, 32 జీబీ డ్రైవ్ 4 జీబీయో, ఇంకా తక్కువో చూపిస్తుంది. పాత విండోస్‌లు రిమూవబుల్ డ్రైవ్‌లో మొదటి పార్టిషన్‌నే చూపిస్తాయి, మిగతాది కనపడదు. అప్పుడు పైన చెప్పిన క్లీన్ కొడితే పూర్తి సైజు తిరిగొస్తుంది. వీడియోల్లో చూపించే "అద్భుతాలు" కొన్ని ఇవే. ఉన్నది తిరిగొచ్చింది, లేనిది రాలేదు.

చోటు లేదనిపించే ఇంకొన్ని కారణాలు మన దగ్గర తరచుగా చూస్తాను. జిరాక్స్ షాపులో, నెట్ సెంటర్లో పెన్‌డ్రైవ్ పెట్టి వస్తే షార్ట్‌కట్ వైరస్ అంటుకుంటుంది. అసలు ఫోల్డర్లని దాచి, వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. చూస్తే డ్రైవ్ ఖాళీ, ప్రాపర్టీస్‌లో నిండు. ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైళ్లు, సిస్టమ్ ఫైళ్లు కూడా చూపించమంటే బయటపడతాయి. ఆ షార్ట్‌కట్ల మీద మాత్రం క్లిక్ చేయకండి.

రెండోది నాలుగు జీబీ గోడ. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు. 10 జీబీ ఖాళీ ఉన్నా 5 జీబీ వీడియో ఎక్కదు. విండోస్ 7 అయితే ఫైలు పెద్దదని సరిగ్గానే చెబుతుంది. ఎక్స్‌పీ మాత్రం చోటు చాలదని చెప్పి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ మాట చూసే ఎంతోమంది ఎక్స్‌పాండర్ల కోసం వెతుకుతారు. మీ పెళ్లి వీడియోల్లో ఏదైనా ఒక్కటే 4 జీబీ దాటి ఉందేమో చూడండి. అప్పుడు డ్రైవ్‌ని ఆ గోడ లేని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఫార్మాట్ చేస్తే చాలు.

మూడోది చాలామందికి తెలియదు. 64 జీబీ డ్రైవ్‌ని విండోస్‌లో ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో ఫార్మాట్ చేస్తే, మీరు మార్చకపోతే క్లస్టర్ సైజు, అంటే ఒక్కో ఫైలుకి ఇచ్చే కనీస చోటు, 128 కేబీ పడుతుంది. అంటే 2 కేబీ ఫైలు వేసినా 128 కేబీ చోటు తింటుంది. అలాంటి చిన్న ఫైళ్లు పదివేలు ఉంటే, అసలు డేటా 20 ఎంబీయే అయినా 1.2 జీబీ దాకా పోతుంది. అన్నిటినీ ఒక జిప్‌లో కట్టి వేసినా, ఫార్మాట్ చేసేటప్పుడు అలొకేషన్ యూనిట్ సైజు (క్లస్టర్ సైజుకే ఇంకో పేరు) 4 కేబీ పెట్టినా ఆ చోటు తిరిగొస్తుంది. ఇది నిజమైన ఆదా. ఫొటోలకి మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

అలాగే నాన్నగారి షాపు లెక్కలు, పాత వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు, బీఎంపీలో స్కాన్ చేసిన కాగితాలు ఉంటే 7-జిప్ బాగా పనికొస్తుంది, పాత విండోస్‌ల మీద కూడా నడుస్తుంది. లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లో ఫోల్డర్ ప్రాపర్టీస్‌కి వెళ్లి కంప్రెస్ టిక్ పెట్టొచ్చు. అది విండోస్‌లోనే ఉన్న సౌకర్యం, డౌన్‌లోడ్ ఏమీ అక్కర్లేదు. మీరడిగిన "పాత సిస్టమ్‌కి మంచి సాఫ్ట్‌వేర్" అంటే నా లెక్కలో ఇవే. వీటితో దేనికెంత చోటు తగ్గుతుందో ముందే కళ్లకు కనిపిస్తుంది, ఫైలు తిరిగి తెరుచుకుంటుంది.

మీరు డౌన్‌లోడ్ చేసిన ఆ ప్రోగ్రామ్ గురించి ఒక్క మాట. ముందు యాంటీవైరస్ ఆపమని వీడియోలో చెప్పారా? సాధారణంగా చెబుతారు. విండోస్ 7కి 2020 జనవరి 14తో, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అంటే ఈ సిస్టమ్‌లకి అసలే తలుపు గడియ లేదు. వాటిలో ఊరూపేరూ లేని ప్రోగ్రామ్‌కి అడ్మినిస్ట్రేటర్ హక్కులిచ్చారు. ఆ కంప్యూటర్ నుంచి బ్యాంకు లావాదేవీలు చేసి ఉంటే, ఇంకో పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చేయండి. పెన్‌డ్రైవ్ పాడవడం కంటే నాకు దీని గురించే ఎక్కువ టెన్షన్.

ఇక కొత్త పెన్‌డ్రైవ్ కొనడమే దారి. మీ అవసరానికి 64 జీబీ సరిపోతుంది. పేరున్న బ్రాండ్, బిల్లు ఇచ్చే షాపు. నేనైతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెచ్చినవైనా సరే, కస్టమర్‌కి ఇచ్చేముందు ఒకటి రెండు పరీక్షించేవాణ్ని. మీది విండోస్ 7 కాబట్టి ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్ నేరుగా చదువుతుంది. చుట్టాలింట్లో ఎక్స్‌పీ ఉంటే, 2009లో వచ్చిన అప్‌డేట్ వేసి ఉండకపోతే దానికి ఎక్స్‌ఫ్యాట్ అర్థం కాదు, ఫార్మాట్ చేయమంటుంది. కంగారుపడి యస్ కొట్టకండి.

కొన్నాక, ఫొటోలు వేయకముందు, ఖాళీగా ఉన్నప్పుడే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ నడపండి. అది డ్రైవ్ అంతా 1 జీబీ ఫైళ్లతో నింపి, రాసినదాన్ని మళ్లీ చదివి పోల్చుతుంది. మధ్యలో ఆపితే ప్రయోజనం లేదు, ఎందుకంటే దొంగ డ్రైవ్‌ల గుట్టు చివరి భాగంలోనే బయటపడుతుంది. లైనక్స్ వాడేవాళ్లయితే ఎఫ్3 అని ఉంది, అదీ ఇదే పని చేస్తుంది. తేడా వస్తే పరీక్ష ఫలితం ఫొటో తీసి, వాపసు గడువు లోపలే షాపువాడికి చూపించండి. లోపల ఉన్నంత చోటుకే పార్టిషన్ కుదించి వాడుకోవచ్చని సలహా ఇచ్చేవాళ్లుంటారు. సాంకేతికంగా కుదురుతుంది. అబద్ధమాడిన చిప్‌లో ఇంటి ఫొటోలు మాత్రం నేను పెట్టను.

పాత కంప్యూటర్ కాబట్టి ఓపిక పట్టాలి. యూఎస్‌బీ 2.0 పోర్టులో, సెకనుకి 5 ఎంబీ రాసే మామూలు డ్రైవ్ అయితే 64 జీబీ నింపడానికి మూడున్నర గంటలు పడుతుంది, చదవడానికి ఇంకో ముప్పావు గంటో గంటో. ముందువైపు పోర్టుకి కాకుండా వెనకాల మదర్‌బోర్డ్ పోర్టుకే పెట్టండి. ముందువాటి వైర్లు వదులై మధ్యలో కనెక్షన్ తెగడం మామూలే. పవర్ ఆప్షన్స్‌లో స్లీప్‌కి నెవర్ పెట్టి, కరెంటు పోయే వేళ కాకుండా చూసుకొని రాత్రి మొదలుపెట్టండి. పొద్దున్న అది చూపించిన ఫలితం ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.